రోలు లేని పొత్రం

నేను ఒక పొత్రాన్ని. నాకు అన్యాయం జరిగింది. నన్ను నా రోలు నుంచి విడదీశారు, తలకిందులుగా నిలబెట్టారు, దేవుడన్నారు, దండాలు పెట్టారు. ఇందులో వాదించడానికేమీ లేదు. జరిగింది జరిగింది.

మిక్సీల కాలంలో పుట్టినవారికి పొత్రమంటే ఏమిటో చెప్పాలి. రుబ్బురోలు నడుమ గుంట ఉంటుంది. ఆ గుంటలో నిలబడి తిరిగే నల్లరాయిని నేను. నా కింది కొన గుండ్రం, గుంటకు సరిపోయేట్టు. పై కొన బల్లపరుపు. దాని నడుమ ఒక కన్నం, కన్నంలో చెక్కపిడి. ఒక చేత్తో పిడి పట్టి నన్ను తిప్పుతారు, రెండో చేత్తో పిండిని గుంటలోకి తోస్తారు. తిప్పే చేయి ఆగకూడదు. తోసే చేయి నాకు దొరక్కూడదు. మనసు ఇంకెక్కడో ఉంటే వేలు నలుగుతుంది. నేను ఎవరి వేలూ కావాలని నలపలేదు. ఎవరినీ చూసి చూడనట్టు వదలనూ లేదు.

నన్ను చేసినవాడు పోలయ్య. కొండ పక్కన గుడిసె వేసుకుని రోళ్ళు, తిరగళ్ళు కొట్టి అమ్మేవాడు. ఒకే బండను చీల్చి పెద్ద ముక్కను రోలు చేశాడు, చిన్న ముక్కను నన్ను చేశాడు. గుంట తొలిచాక నన్ను అందులో దించి, ఇసుకా నీళ్ళూ పోసి తిప్పాడు. నా గరుకు దాని గరుకుకు, దాని వంపు నా వంపుకు అరిగి కుదిరాయి. "ఇంక ఈ పొత్రం ఇంకో రోట్లో ఇమడదు" అన్నాడు. మనుషుల పెళ్ళిళ్ళలో ఇలాంటి మాటలు చాలా చెబుతారు. పోలయ్య చెప్పింది మాత్రం నిజం.

మమ్మల్ని కొన్నది ఆదెమ్మ. కాలువకట్ట మలుపులో ఆమెకు దోసెల అంగడి ఉండేది. మొగుడు నాసరయ్య ఒంటెద్దు బండి తోలేవాడు. ఇద్దరూ ఆ బండి మీదే వచ్చారు. ఆదెమ్మ గులకరాయి ఒకటి తీసుకుని రోలును తట్టింది, నన్ను తట్టింది, చెవి ఆనించి విన్నది. పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది.

"పెళ్ళిచూపులకొచ్చినట్టు చూస్తన్నావేందే?" అన్నాడు నాసరయ్య.

"నిన్ను చూసినప్పుడు కూడా ఇట్టా తట్టి చూసుకోవాల్సింది" అన్నదామె.

పోలయ్య నవ్వాడు. నాసరయ్య నవ్వలేదు. ఆయన నవ్వడం నేను తరువాత కూడా చూడలేదు.

ఆదెమ్మ తెల్లవారుజామునే లేచి, కాళ్ళు చాపి, రోలును మోకాళ్ళ నడుమ పెట్టుకుని కూర్చునేది. పాడేది కాదు. మాట్లాడేది కాదు. పిండి నలిగే చప్పుడు మారేది, దాన్ని విని నీళ్ళు చిలకరించేది. ఆమె అరచెయ్యి రాసి రాసి చెక్కపిడి చింతగింజలా నున్నబడింది. ఆమె వేలు నా కింద ఎన్నడూ పడలేదు.

శరదృతువు అని పుస్తకాల్లో రాస్తారు. వానలు వెనకపట్టు పట్టి, కాలువ తేటపడి, ఎండకు కాస్త మర్యాద వచ్చే కాలం. చదువుకున్నవారు ఆ కాలంలో వెన్నెల చూస్తారు. మాకది పిండి కాలం. దసరా, అట్లతద్ది, దీపావళి, కార్తీకం. ఊరి జనానికి వరసగా ఆకలి పుట్టించే పండగలు. అట్లతద్ది నాడైతే వీధిలోని ఆడపిల్లలంతా నానిన బియ్యం, మినప్పప్పు గిన్నెల్లో పట్టుకుని మా చుట్టూ మూగేవారు. తలా కాసేపు నన్ను తిప్పేవారు, సగం పిండి నేలకు రుబ్బేవారు.

"ఏయ్, గాజుముక్క పిండిలో పడిందంటే ఆ అట్టు నీకు రాబోయే మొగుడికి పెట్టిస్తా" అని కసిరేది ఆదెమ్మ.

"పెట్టత్తా, పళ్ళూడిపోతే మాట్లాడకుండా పడుంటాడు" అనేది ఒకతె.

దసరాకు పనిముట్లకు పూజ చేస్తారు. ఏడాదంతా వాడుకుని ఒకరోజు బొట్టు పెడతారు. మనిషి లెక్కలో దాని పేరు కృతజ్ఞత. నాసరయ్య బండి కడిగి, చక్రాలకు పసుపు రాసి, కాడికి బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు తొక్కించేవాడు. చెర్నాకోలకు బొట్టు. కత్తికి బొట్టు. పలుపుతాడుకు కూడా బొట్టు.

ఒక దసరాకు ఆదెమ్మ అడిగింది. "నా రోలు కనపళ్ళా?"

"అదేమన్నా ఆయుధమా? ఆడాళ్ళ సామాను."

"సరే. రేపు పొద్దున నీ బండినే దోసెలు పొయ్యమను."

ఆయన వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు. ఆదెమ్మ చేతికంటిన పిండితోనే నా నెత్తిన ఒక చుక్క పెట్టింది, రోలుకు ఒక చుక్క పెట్టింది. దండం పెట్టలేదు. చుక్క పెట్టి పిండి ఎత్తుకుపోయింది. అంతే. నాకు కావలసినదీ అంతే.

ఒక ఏడు ఆమెకు చలిజ్వరం వచ్చింది. మంచం మీద నుంచే చెప్పింది. "పప్పు నానబోసి ఉంది, ఒక్క వాయి రుబ్బయ్యా, పులిసిపోద్ది."

"మగోణ్ణి రోటికాడ కూచోమంటావా? కట్టమీద పొయ్యేవోళ్ళు ఏమనుకుంటారు?"

"ఆకలేస్తందనుకుంటారు."

ఆయన కూర్చోలేదు. అంగడి మూశాడు. నానిన పప్పును ఎద్దుకు పెట్టాడు. ఎద్దు మాత్రం ఆ రోజు చాలా సంతోషించింది.

తరువాత గ్రైండర్లు వచ్చాయి. ఎదుటి హోటలు వాడు తెచ్చాడు. బండి అమ్మేసి అంగట్లో కాఫీలు అందిస్తున్న నాసరయ్య మనమూ తెద్దామన్నాడు. ఆదెమ్మ వద్దంది.

"ఏం? నీ రెక్కలేమన్నా ఇనుమా?"

"దాని మోతలో నీ దగ్గు నాకు ఇనపడదు."

ఆయనకు ఉబ్బసం ఉండేది. ఆమె రుబ్బుతూ లోపలి గది వైపు ఒక చెవి వేసి ఉంచేదని నాకు తెలుసు. దగ్గు తెర ఎక్కువైతే నన్ను ఆపి లోపలికి పోయేది. ఈ మాట విన్నాక నాసరయ్య ఏమన్నాడో తెలుసా? "కాఫీ డికాషను అయిపోయింది" అన్నాడు.

ఒక కార్తీకంలో, సోమవారం పొద్దున, సగం పిండి నలిగాక ఆదెమ్మ నా పిడి వదిలేసింది. ఎప్పుడూ వదలని మనిషి. రోలు మీద తల ఆనించింది. అంతే. నాసరయ్య లేచి వచ్చేటప్పటికి వీధిలోకి వెలుగొచ్చింది.

జనం వచ్చారు, ఏడ్చారు, తీసుకుపోయారు. మమ్మల్ని ఎవరూ కడగలేదు. సగం నలిగిన ఆ పిండి గుంటలోనే పులిసి, పొంగి, పగుళ్ళిచ్చి, నా ఒంటి మీద ఎండిపోయింది. నాసరయ్య రోజూ మా పక్క నుంచే నడిచేవాడు. తల తిప్పుకుని నడిచేవాడు.

పెద్దకర్మ అయిన కొద్ది రోజులకు ఒక వ్యాను వచ్చింది. ఊరి బయట మామిడితోటలో ధ్యానకేంద్రం ఒకటి కట్టారు. దాని పేరు మౌనవనం. అక్కడ అలంకారానికి పాత రోళ్ళు, తిరగళ్ళు కావాలట. నాసరయ్య బేరమాడలేదు. అడిగినవాళ్ళ మొహం కూడా చూడలేదు.

"తీసకపోండి. నా కళ్ళ ముందు ఉండొద్దు" అన్నాడు.

వ్యానులోకి ఎత్తేటప్పుడు నా పిడి ఊడి కింద పడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను అనుకున్నాను, సరే, ఇంకేం మిగిలింది కనుక అని.

మౌనవనంలో మైకు ఆగదు. మొదటి రోజే ఇనుప బ్రష్షు పెట్టి, ఏదో మందు పోసి మమ్మల్ని తోమారు. ఆదెమ్మ ఆఖరి పిండి అలా పోయింది. రోలును గేటు లోపల పెట్టి నీళ్ళు పోసి పూలరేకులు తేల్చారు. వచ్చినవారు దాని ముందు నిలబడి ఫొటోలు దిగేవారు. నాకు ఇంకో చోటు చూపించారు, తోట మధ్య తెల్ల గులకరాళ్ళ వలయంలో. తోటమాలి మస్తాన్ నన్ను నిలబెట్టబోయాడు. గుండ్రటి కొన మీద నిలబడితే ఊగుతాను. కనుక బల్లపరుపు కొన కిందికి, గుండ్రటి కొన పైకి పెట్టాడు. అతని తప్పేమీ లేదు. అతనికి కావలసింది నేను పడిపోకుండా ఉండటం.

తప్పంతా తరువాత వచ్చినవారిది. గుండ్రటి నల్లరాయి, చుట్టూ వలయం, కార్తీకమాసం. పట్నం నుంచి వచ్చిన ఒకావిడ చెప్పులు విడిచి నాకు మారేడు దళం పెట్టింది. అది చూసి ఇంకొకరు విభూతి రేఖలు దిద్దారు. సోమవారానికి పాలు పోశారు. నాకు సోమేశ్వరుడని పేరు కూడా పెట్టారు.

"మేడం, అది పొత్రం గదా" అన్నాడు మస్తాన్, కేంద్రం నడిపే వైదేహి గారితో.

"మస్తాన్, భావం ముఖ్యం" అన్నదావిడ.

"భావం సరే మేడం, తలకాయ నేలలో ఉంది దానికి."

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఎవరినీ కసిరేది కాదు. కసిరితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

అప్పుడు తెలిసింది నాకు తలకిందులు కావడమంటే ఏమిటో. రుబ్బే కొన ఆకాశానికి. పిడి కన్నం మట్టిలో. కంటికెదురుగా గేటు దగ్గర నా రోలు, దాని గుంటలో కుళ్ళుతున్న బంతిరేకులు. మాకు మధ్య ఒక పచ్చికబయలు. దాని మీద జనం ఒట్టి కాళ్ళతో మెల్లగా, ఎక్కడికీ పోనట్టుగా నడిచేవారు. అది కూడా ఒక సాధనట.

ఏడాది తిరిగింది. మళ్ళీ శరత్తు వచ్చింది. మౌనవనంలో శరత్కాల కృతజ్ఞతా శిబిరం పెట్టారు. జనం నా చుట్టూ చాపల మీద కూర్చుని కళ్ళు మూసుకునేవారు. వైదేహి గారు మైకులో చెప్పేది. "ఈ ఋతువుకు ధన్యవాదాలు చెప్పండి. ఈ రాయికి ధన్యవాదాలు చెప్పండి. ఈ క్షణంలో ఉండండి." వాళ్ళు చెప్పేవారు. నేను తీసుకోలేదు. నేను వాళ్ళకు చేసింది ఏమీ లేదు. వాళ్ళ పప్పు రుబ్బలేదు. నేను రుబ్బి పెట్టినవారు నాకు చెప్పలేదు. చెప్పవలసింది నాకు కూడా కాదు, తిప్పిన చేతికి. ఊరికే వచ్చిన దండం ఊరికే పోతుంది. అభిషేకం పాలతో పాటు గులకరాళ్ళలోకి జారిపోయేది. ఉడతలు కూడా వాసన చూసి వెళ్ళిపోయేవి.

అలాంటి ఒక పొద్దున గేటు దగ్గర దగ్గు వినిపించింది.

ఆ దగ్గు నాకు తెలుసు. నాసరయ్య. చిక్కిపోయాడు. ఒక చేతిలో స్టీలు కేరేజీ, భుజాన తువ్వాలు. పచ్చికబయలు మీద చెప్పులతోనే అడ్డంగా నడిచి, కళ్ళు మూసుకున్న జనం మధ్య నుంచి నా దగ్గరకు వచ్చాడు. వంగి నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు.

మారేడు దళం పెట్టిన ఆవిడే ముందు కళ్ళు తెరిచింది. పేరు లీలావతి గారు, బళ్ళో పెద్ద టీచరుగా చేసి రిటైరైన మనిషి. "అయ్యో, అపచారం! స్నానం చేసే వచ్చావా? అది లింగం!"

"ఇది మా ఇంటి పొత్రమమ్మా."

"ఏడాదిగా అభిషేకాలు జరుగుతున్నాయి దీనికి!"

"అంతకుముందు మా ఇంట్లో రోజూ జరిగినయ్. మినప్పిండితో."

ఎవరో కిసుక్కున నవ్వారు. వైదేహి గారు మైకు పక్కన పెట్టి దగ్గరకు వచ్చింది. "పెద్దాయనా, ముందు కూర్చోండి. ఒక్కసారి మీ ఊపిరిని గమనించండి."

"దాన్ని గమనించటానికి ఒక మనిషుండేదమ్మా. ఇయ్యాల్టికి ఏడాది. సంవత్సరీకం. గారెలు పెట్టాల. మిషను పిండి గారె ఆమె నోట పెట్టదు. రోలు గేటుకాడుంది. దీన్ని ఒక్క వాయికి ఇచ్చారంటే రుబ్బుకుని పోతా."

కేరేజీ మూత తీసి చూపించాడు. నానిన మినప్పప్పు. పొట్టు కడిగి తెల్లగా ఉంది. ఇవ్వరని తెలిసీ నానబోసుకుని వచ్చాడు. ఆ పప్పు సాయంత్రం దాకా ఆగదు.

"ఇది పొత్రమేనని ఏమిటి నమ్మకం?" అన్నది లీలావతి గారు. ఆవిడ గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఏడాది పాటు పెట్టుకున్న మొక్కులు ఆవిడవి.

నాసరయ్య నన్ను వాల్చాడు. నా నెత్తిన కన్నం నిండా మట్టి. వేలితో గోకి తీశాడు. నడుముకు కట్టిన మొలతాడు దగ్గర నుంచి ఒక చెక్కముక్క తీశాడు. చింతగింజలా నున్నటి చెక్క. నా పిడి. ఏడాదిగా దాన్ని ఎక్కడ పెట్టుకున్నాడో నాకు తెలియదు. చెమట వాసన కొట్టింది. కన్నంలో పెట్టి అరచేత్తో ఒక్కటి కొట్టాడు. కూర్చుంది.

ఎవరూ మాట్లాడలేదు. మౌనవనంలో నేను విన్న మొదటి మౌనం అదే.

నన్ను ఎత్తలేక ఎత్తి, దగ్గుతూ, ఆగుతూ, గేటు దాకా మోశాడు. మస్తాన్ సాయం వస్తే వద్దన్నాడు. రోలులోని పూలనీళ్ళు మాత్రం మస్తాన్ చేత వంపించుకున్నాడు. కాళ్ళు చాపి, రోలును మోకాళ్ళ నడుమ పెట్టుకుని, నడిరోడ్డు ఎదురుగా, గేటు తెరిచి ఉండగా, మగవాడు రోటి ముందు కూర్చున్నాడు.

నేను నా గుంటలోకి దిగాను. ఆ సంగతి గురించి ఏమీ రాయను.

ఆయనకు రుబ్బడం రాదు. అది కూడా రాయవలసిన నిజం. తిప్పాల్సిన చోట తోశాడు, తోయాల్సిన చోట తిప్పాడు. నీళ్ళు ఎక్కువ పోశాడు. పప్పు గట్టు దాటి పంచె మీద పడింది. శిబిరం జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. రోడ్డు మీద సైకిలాపిన ఒకడు అరిచాడు. "ఏంది నాసరయ్యా, ముసలితనంలో ఆడంగులపని?"

"ఆకలేస్తందిరా" అన్నాడు నాసరయ్య, తలెత్తకుండా.

ఆ జవాబు ఎవరిదో ఆ జనంలో నాకొక్కదానికే తెలుసు.

కాసేపటికి ఆయన వేలు నా కింద పడింది. నేను వదల్లేదు. ఆదెమ్మ జ్వరం నాకు గుర్తుంది, కడగని పిండి గుర్తుంది. గోరు నల్లబడింది. ఆయన అబ్బా అనలేదు. వేలు నోట్లో పెట్టుకున్నాడు, కడుక్కున్నాడు, మళ్ళీ తిప్పాడు. అప్పటి నుంచి ఆ వేలు దూరంగా జరగడం నేర్చుకుంది. చప్పుడు మారింది. పిండి నురగ కట్టింది. అప్పుడే, ఆ చప్పుడు మాటున, వంగి, నా పిడికి నోరు దగ్గరగా పెట్టి ఆయన ఒక మాట అన్నాడు. నాకు కాదు. రోలుకు కాదు.

పిండి కేరేజీలోకి ఎత్తాడు. వైదేహి గారి కళ్ళు తడిగా ఉన్నాయి. జనమంతా ఆయనకు చేతులు జోడించారు. ఆయన చిరాకుపడ్డాడు.

"నాకెందుకమ్మా దణ్ణాలు? రుబ్బిన చెయ్యి నాది గాదు."

"మీ అనుభూతిని మాతో పంచుకోండి. రుబ్బుతూ ఏదో అన్నారు కదా?" ఆవిడ మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది.

"పిండి పులుస్తది. పోవాల" అన్నాడు.

పోయే ముందు బిందెతో నీళ్ళు తెచ్చి మమ్మల్ని కడిగాడు. గుంటలో చెయ్యి పెట్టి, గట్టు చుట్టూ, నా నడుం చుట్టూ. కడగడం కూడా సరిగా రాదు. రెండూ వ్యానులో ఇంటికి పంపిస్తానంది వైదేహి గారు. వద్దన్నాడు.

"ఇంటికొద్దు. రోజూ చూళ్ళేను." మస్తాన్ వైపు తిరిగాడు. "వీటిని విడదీయమాకయ్యా. మళ్ళీ ఏడు వస్తా, ఉంటే."

పిడి మాత్రం తీసుకుపోయాడు.

ఇప్పుడు గేటు లోపల రోట్లోనే నిలబడి ఉన్నాను, గుండ్రటి కొన కిందికి. నా తల ఇప్పుడు పైనే ఉంది. లీలావతి గారు కొంతకాలం అలిగి రాలేదు. తరువాత వచ్చి రోలుకూ నాకూ కలిపి కుంకుమ పెడుతోంది. పార్వతీ పరమేశ్వరులట. పెట్టుకోమనండి. వానకు పోతుంది. శిబిరం జనం మా ముందు కళ్ళు మూసుకుని ధన్యవాదాలు చెబుతూనే ఉన్నారు. నేను తీసుకోకుండా ఉంటూనే ఉన్నాను. నాసరయ్యను క్షమించావా అంటే లేదు. నేను రాయిని. అరుగుతాను, కరగను.

ఆ రోజు ఆయన అన్న మాట ఏమిటని అందరూ అడుగుతారు. వైదేహి గారు చెవి కూడా ఆనించి చూసింది, ఆదెమ్మ పోలయ్య గుడిసె దగ్గర ఆనించినట్టు. ఆ మాట ఆదెమ్మది. ఆలస్యంగా వచ్చింది, ఆమెకే చెందుతుంది. మైకులకు కాదు, శిబిరాలకు కాదు, మీకూ కాదు. నేను చెప్పను. ఈ సంగతి మీద ఇంక ఏ నాటికీ నోరు విప్పను.